విండోస్ ఎక్స్‌పీలో తెలుగు ఎక్కడ దాగింది? పాత ఫైళ్లను ఇప్పుడే ఎందుకు తెరిచి చూడాలి?

గుజరాత్‌లోని సూరత్ మరమగ్గాల నగరం, వజ్రాలకు సానపట్టే నగరం. ఆ మగ్గాల వెంట కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాలకు చెందిన పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాల క్రితమే అక్కడికి వలస వెళ్లి స్థిరపడ్డాయి. లింబాయత్ వంటి పేటల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది.

ఇటువంటి చోట ఒకే కంప్యూటరుకు రెండు లిపుల పని పడుతుంది. బడి ప్రశ్నపత్రం తెలుగులో ఉండాలి. కార్యాలయానికి రాసే అర్జీ గుజరాతీలో ఉండాలి. కుల సంఘం ఆహ్వానపత్రిక, పెళ్లి శుభలేఖ రెండింటిలోనూ ఉంటే బంధువులకూ ఇరుగుపొరుగు వారికీ ఇబ్బంది ఉండదు.

2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీ సరిగ్గా ఈ పనికి కావలసిన సరంజామాతోనే వచ్చింది. విండోస్ చరిత్రలో తెలుగు, గుజరాతీ లిపులు ఒకే సంచికలో, ఒకే సీడీలో అడుగుపెట్టాయి. తెలుగుకు 'గౌతమి', గుజరాతీకి 'శ్రుతి' అనే ఫాంట్లను మైక్రోసాఫ్ట్ అందులో చేర్చింది. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అచ్చు దుకాణాల్లోనూ, కార్యాలయాల్లోనూ తెలుగు పని వేరే ఫాంట్లతో, వేరే పద్ధతిలోనే సాగింది. ఆనాడు అలా తయారైన పత్రాలు ఎన్నో నేటి కంప్యూటర్లలో అర్థంకాని ఆంగ్లాక్షరాల గుంపుగా తెరుచుకుంటున్నాయి.

లిపి సిద్ధంగా ఉన్నా జనానికి ఎందుకు చేరలేదు? ఆ పాత పత్రాలను ఇప్పుడు తిరిగి చదవగలమా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలియాలంటే కథను కొంచెం వెనుక నుంచి మొదలుపెట్టాలి.

యంత్రం వచ్చింది, అక్షరాలు రాలేదు

కొత్త యంత్రం ముందు వచ్చి, దాని మీద మన అక్షరాలు ఆలస్యంగా రావడం సూరత్‌కు కొత్త కాదు. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీకి సూరత్‌లో మధ్యవర్తిగా వ్యవహరించిన వర్తకుడు భీమ్‌జీ పారేఖ్, స్వదేశీ గ్రంథాలను అచ్చు వేయించాలన్న కోరికతో ఇంగ్లండు నుంచి ముద్రణలో నేర్పరిని పంపమని కంపెనీని కోరారు. 1674లో కంపెనీ హెన్రీ హిల్స్ అనే ముద్రాపకుణ్ని, అచ్చుయంత్రాన్ని బొంబాయికి పంపింది.

వచ్చిన తర్వాత తేలిన సంగతి ఏమిటంటే, ఆయనకు అచ్చు వేయడం తెలుసు కానీ అచ్చు అక్షరాలను చెక్కి పోత పోయడం తెలియదు. యంత్రం ఉంది, కాగితం ఉంది, సిరా ఉంది. అచ్చు వేయాల్సిన లిపి మాత్రం లేదు. భీమ్‌జీ తన మనుషుల చేతనే అక్షరాలను చెక్కించే ప్రయత్నం చేశారనీ, కొంతమేర ఫలితం కనిపించిందనీ కంపెనీ ఉత్తరాలు చెబుతాయి. కానీ ఆ ముద్రణ నిలదొక్కుకోలేదు.

మూడు శతాబ్దాల తర్వాత కంప్యూటరు విషయంలోనూ ఇంచుమించు ఇదే జరిగింది.

256 గదుల ఇరుకు

1981 ఆగస్టులో ఐబీఎం వ్యక్తిగత కంప్యూటరు, దానితో పాటే డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చాయి. కంప్యూటరుకు అక్షరం అంటే ఒక సంఖ్య మాత్రమే. ఆనాటి పద్ధతిలో ఒక్కో అక్షరానికి ఒక బైటు కేటాయించేవారు. బైటులో ఇమిడే విలువలు 256. అంటే అక్షరాలకు 256 గదులే. వాటిలో సగం ఆంగ్లాక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు ముందే ఆక్రమించాయి. మిగిలినవి ఐరోపా భాషల ప్రత్యేక అక్షరాలకు, గీతల గుర్తులకు పోయాయి.

భారతదేశంలో ఈ సమస్యకు తొలి గట్టి పరిష్కారం ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని సీ-డాక్‌లో రూపుదిద్దుకున్న 'జిస్ట్' సాంకేతికత. కంప్యూటరులో అమర్చే జిస్ట్ కార్డు ద్వారా డాస్‌లో నడిచే ప్రోగ్రాములలోనే భారతీయ లిపులను చూపడం సాధ్యమైంది. దానికి ఆధారం 'ఇస్కీ' అనే జాతీయ ప్రమాణం. భారత ప్రమాణాల సంస్థ 1991లో దీన్ని ఐఎస్ 13194గా ఆమోదించింది. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నిటిలో 'క' అంటే 'క'యే కాబట్టి, అన్నిటికీ ఒకే సంఖ్య ఇచ్చి, చూపేటప్పుడు మాత్రమే లిపిని మార్చుకోవచ్చన్నది ఇస్కీ వెనుక ఉన్న ఆలోచన.

అయితే కార్డు కొనడం అందరికీ సాధ్యం కాలేదు. 1992లో వచ్చిన విండోస్ 3.1 ట్రూటైప్ ఫాంట్లను తెచ్చింది. దానితో ఒక చౌక ఉపాయం దొరికింది. ఆంగ్ల ఫాంటులో అక్షరాల బొమ్మలను తీసేసి, ఆ స్థానాల్లో తెలుగు ముక్కలను పెట్టడమే ఆ ఉపాయం. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో గుడి, ఒక గదిలో క వత్తు. వీటిని వరుసగా పేర్చితే తెర మీద తెలుగు కనిపిస్తుంది. కంప్యూటరు మాత్రం అది ఆంగ్లమే అనుకుంటుంది.

అను, శ్రీలిపి, ఐఎస్ఎం వంటి వ్యవస్థలు ఈ పద్ధతిలోనే తెలుగు ముద్రణను నడిపించాయి. పత్రికలు, పుస్తకాలు, శుభలేఖలు, గోడపత్రికలు వీటి వల్లే వెలువడ్డాయి. ఆ మేలును తక్కువ చేయలేం. కానీ ఏ ముక్క ఏ గదిలో ఉండాలన్నది ఒక్కో సంస్థ ఒక్కో విధంగా నిర్ణయించుకుంది. ఒక ఫాంటులో రాసినది మరో ఫాంటులో చదవడం కుదరదు. ఫాంటు పోతే రాత అక్కడే ఉన్నా చదివే దారి ఉండదు.

ఎక్స్‌పీ తెచ్చిన మార్పు ఏమిటి?

ఇరుకు గదుల సమస్యకు ప్రపంచ స్థాయి పరిష్కారంగా యూనికోడ్ 1991లో వచ్చింది. ప్రతి లిపికీ, ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇవ్వడం దాని పద్ధతి. భారతీయ లిపుల అమరికలో అది ఇస్కీనే అనుసరించింది. ఆ చుట్టరికం సంఖ్యల్లో నేటికీ కనిపిస్తుంది. దేవనాగరి 'క' సంఖ్య 2325. గుజరాతీ 'క' సంఖ్య 2709. తెలుగు 'క' సంఖ్య 3093. రెండేసి సంఖ్యల మధ్య తేడా సరిగ్గా 384. ఒక్కో లిపికి 128 గదుల చొప్పున కేటాయించి, ప్రతి లిపిలోనూ 'క'ను ఒకే స్థానంలో కూర్చోబెట్టడం వల్ల వచ్చిన లెక్క ఇది.

విండోస్‌లో యూనికోడ్‌ను లోపలి భాషగా స్వీకరించినది 1993లో వచ్చిన ఎన్‌టీ శాఖ. అది కార్యాలయాల కోసం ఉద్దేశించినది. ఇళ్లకు, చిన్న దుకాణాలకు వెళ్లిన విండోస్ 95, 98, ఎంఈ పాత డాస్ వంశానికి చెందినవి. ఎన్‌టీ వంశానికి చెందిన విండోస్ 2000లో దేవనాగరికి 'మంగల్', తమిళానికి 'లత' ఫాంట్లు చేరాయి. ఎక్స్‌పీ రెండు శాఖలనూ కలిపి, ఎన్‌టీ వంశాన్ని ఇళ్లకు తెచ్చింది. తెలుగు, గుజరాతీ, కన్నడ, గురుముఖి లిపులు దానితోనే వచ్చాయి. కన్నడ ఫాంటు 'తుంగ', గురుముఖి ఫాంటు 'రావి'. గౌతమి, తుంగ, రావి అన్నీ నదుల పేర్లే. బెంగాలీ, మలయాళాలకు ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ వరకూ, ఒడియాకు విస్టా వరకూ ఆగవలసి వచ్చింది.

ఫాంటు ఉంటే లిపి వచ్చినట్టే అని చాలామంది అనుకుంటారు. నిజానికి మూడు పొరలు కలిస్తేనే మన లిపి కంప్యూటరులో నిలుస్తుంది. మొదటిది సంఖ్య. రెండోది ఆ సంఖ్యలను అక్షరరూపంగా కూర్చే యంత్రాంగం. మూడోది రాసే కీబోర్డు.

రెండో పొర ఎంత అవసరమో 'స్త్రీ' అనే మాటలో తెలుస్తుంది. ఫైలులో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం అనే ఆరు సంఖ్యల వరుస. తెర మీద మాత్రం ఒక్క అక్షరం. త వత్తు ఎక్కడికి దిగాలి, ర వత్తు ఎలా చుట్టుకోవాలి, గుడిదీర్ఘం ఎవరి తల మీద కూర్చోవాలి అన్నది ఎవరో నిర్ణయించాలి. గుజరాతీలో మరో చిక్కు ఉంది. 'కి' రాస్తే ఇకారం గుర్తు హల్లుకు ఎడమవైపు కనిపించాలి. ఫైలులో మాత్రం అది హల్లు తర్వాతే ఉంటుంది. విండోస్‌లో ఈ కూర్పు పని చేసే భాగం పేరు యూనిస్క్రైబ్. అది లేని చోట గౌతమి ఫాంటు ఒక్కటే ఉంటే అక్షరాలు విడిపోయిన పూసల్లా కనిపిస్తాయి.

ఈ పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటికీ తెలిసింది. 'జ్ఞా' రూపానికి సంబంధించిన ఒక తెలుగు అక్షర వరుస వస్తే ఐఫోన్లలో ప్రోగ్రాములు కుప్పకూలాయి. తప్పు తెలుగుది కాదు, అక్షరాన్ని కూర్చే భాగానిది. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిదిద్దింది.

ఒక్క గడి వెనుక దాగిన లిపి

ఈ మూడు పొరలూ ఎక్స్‌పీలో ఉన్నాయి. కానీ ఆంగ్ల ఎక్స్‌పీని మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే అవి పనిచేసేవి కావు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ, భాషా ఎంపికల పెట్టెను తెరిచి, భాషల పుటకు వెళ్లి, అక్కడ ఒక గడిలో టిక్ పెట్టాలి. ఆ గడి పక్కన ఉన్న ఆంగ్ల వాక్యానికి అర్థం ఇది: 'సంక్లిష్ట లిపులకు, కుడి నుంచి ఎడమకు రాసే భాషలకు (థాయ్‌తో సహా) అవసరమైన ఫైళ్లను ఇన్‌స్టాల్ చేయి.'

ఆ వాక్యంలో తెలుగు లేదు. గుజరాతీ లేదు. భారత్ అనే మాటే లేదు. తెలుగు కుడి నుంచి ఎడమకు రాసే భాష కాదు, థాయ్ అంతకన్నా కాదు. తన లిపి 'సంక్లిష్ట'మైనదని కంప్యూటరు నిపుణులు పేరు పెట్టిన సంగతి సామాన్యుడికి తెలిసే అవకాశం లేదు. టిక్ పెట్టిన తర్వాత వచ్చే మరో చిన్న పెట్టెలో మాత్రమే అరబిక్, ఆర్మేనియన్, జార్జియన్, హీబ్రూ పేర్ల తర్వాత 'భారతీయ భాషలు' అని ఉండేది. అందుకు 10 మెగాబైట్ల చోటు కావాలని కూడా అది చెప్పేది.

అంతటితో అయిపోలేదు. ఆ ఫైళ్ల కోసం ఎక్స్‌పీ సీడీ అడిగేది. విడిభాగాలు కొని దుకాణంలో కూర్పించుకున్న కంప్యూటర్లతో పాటు ఆ సీడీ ఇంటికి రావడం అరుదు. సీడీ దొరికి, ఫైళ్లు ఎక్కించి, కంప్యూటరును మళ్లీ ప్రారంభించాక, కీబోర్డుల జాబితాలో తెలుగును విడిగా చేర్చుకోవాలి. ఇన్ని మెట్లు ఎక్కినవారికే గౌతమి దర్శనం.

ఎక్స్‌పీ తెర మీది పచ్చని కొండ, నీలాకాశం బొమ్మను నేటికీ కోట్ల మంది గుర్తుపడతారు. అది కాలిఫోర్నియాలోని సోనోమా ప్రాంతంలో చార్లెస్ ఓరియర్ తీసిన ఛాయాచిత్రం. ఆ బొమ్మను రోజూ చూసిన తెలుగువారిలో, దాని వెనుక తమ లిపి ఉందని ఎరిగినవారు బహు కొద్దిమంది.

2007 జనవరిలో వచ్చిన విస్టాతో ఈ ఇబ్బంది తొలగింది. గడి, సీడీ అవసరం లేకుండానే భారతీయ లిపులు తెర మీద సరిగా కనిపించసాగాయి. కానీ ఎక్స్‌పీ వాడుక చాలాకాలం తగ్గలేదు. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది 2014 ఏప్రిల్ 8న.

మరచిన మరికొన్ని సదుపాయాలు

ఒకే వేలికి రెండు లిపులు: ఎక్స్‌పీలో తెలుగుకు, గుజరాతీకి ఇచ్చిన కీబోర్డు అమరిక 'ఇన్‌స్క్రిప్ట్'. ఇది ఇస్కీ ప్రమాణంలో భాగం. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ప్రధానంగా కుడిచేతికి వస్తాయి. ఆంగ్ల 'కె' మీట నొక్కితే 'క', షిఫ్ట్‌తో కలిపి నొక్కితే 'ఖ'. 'ఐ' మీటకు 'గ', షిఫ్ట్‌తో 'ఘ'. తెలుగులోనైనా, గుజరాతీలోనైనా, హిందీలోనైనా అవే మీటలు, అవే వేళ్లు. సూరత్ మునిసిపల్ బడిలో గుజరాతీ టైపు నేర్చిన పిల్లవాడు భాషను మార్చే మీట నొక్కి, మళ్లీ నేర్చుకోకుండానే తెలుగు రాయగలడు. రెండు లిపుల మధ్య బతికే వలస కుటుంబాలకు ఇంతకన్నా తగిన కీబోర్డు లేదు. అయినా దీన్ని నేర్పినవారు తక్కువ. ఆంగ్లాక్షరాలతో తెలుగు రాసే పద్ధతికే జనం మొగ్గారు. 1990లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్‌టీఎస్ లిప్యంతరీకరణ, 2006లో వచ్చిన 'లేఖిని' ఆ దారిని సుగమం చేశాయి.

లక్షలు, కోట్ల కామాలు: ఎక్స్‌పీ ప్రాంతీయ ఎంపికల్లో అంకెలను 12,34,56,789 అని మన పద్ధతిలో విడగొట్టే వీలుంది. భారతీయ భాషలను ఎంచుకుంటే అదే వచ్చేది. సూరత్ బట్టల మార్కెట్‌లో లక్షల్లో లెక్క రాసే వ్యాపారికి మిలియన్ల కామాలతో పనిలేదు. కానీ అమెరికా అమరికను మార్చకుండానే వదిలేసిన కంప్యూటర్లలో లెక్కల పట్టికలు పరాయి కామాలతోనే నడిచాయి.

సొంత అక్షరాలు గీసుకునే పలక: ప్రారంభ జాబితాలో ఎక్కడా కనిపించని ప్రైవేట్ క్యారెక్టర్ ఎడిటర్ అనే ఉపకరణం ఎక్స్‌పీలో ఉండేది. ఫాంటులో లేని అక్షరాన్ని చుక్కచుక్కగా గీసి దాచుకోవచ్చు. అందుకు యూనికోడ్‌లో 6,400 సొంత వాడుక స్థానాలున్నాయి. 'చాప', 'జడ' వంటి మాటల్లో దంత్య ఉచ్చారణను చూపడానికి పాత నిఘంటువులు వాడిన ౘ, ౙ అక్షరాలు యూనికోడ్‌లోకి వచ్చింది 2008లో. అంతవరకు ఇటువంటి పలకే గతి. అయితే అలా గీసిన అక్షరం ఆ ఒక్క కంప్యూటరులోనే కనిపిస్తుంది. ప్రమాణంలో చేరని అక్షరం ఇల్లు దాటి ప్రయాణించలేదు.

నోట్‌ప్యాడ్ హెచ్చరిక: ఎక్స్‌పీ నోట్‌ప్యాడ్‌లో తెలుగు టైపు చేసి దాచబోతే, ఈ ఫైలులోని యూనికోడ్ అక్షరాలు పోతాయి అనే హెచ్చరిక ఆంగ్లంలో వచ్చేది. కారణం, ఆ ప్రోగ్రాము పాత ఒక బైటు పద్ధతిలోనే దాచడానికి సిద్ధంగా ఉండటం. ఆ పద్ధతిలో తెలుగుకు విండోస్ ఏనాడూ పట్టిక ఇవ్వలేదు. హెచ్చరికను చదవకుండా 'సరే' నొక్కితే రాసినదంతా ప్రశ్నార్థక చిహ్నాలుగా మారిపోతుంది. దాచే పెట్టెలో యూనికోడ్ లేదా యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే రాత భద్రంగా ఉండేది. నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో దాచడం మొదలుపెట్టింది 2019లో.

దుకాణాలు ఎందుకు మారలేదు?

గడి ఒక్కటే అడ్డంకి అంటే పూర్తి నిజం కాదు. అచ్చు దుకాణాల పని అంతా పేజ్‌మేకర్ మీద నడిచేది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి ప్రధాన సంచిక. అది యూనికోడ్ తెలుగును కూర్చలేదు. పేజ్‌మేకర్‌కు బదులుగా వచ్చిన ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపుల కూర్పుకు సరైన మద్దతు 2012 నాటి సీఎస్6లో గానీ అందలేదు. పైగా ఎక్స్‌పీ ఇచ్చినది ఒక్క గౌతమి. శుభలేఖకు, కరపత్రానికి, పుస్తకం అట్టకు వేర్వేరు అందాల అక్షరాలు కావాలి. అవి పాత ఫాంట్ల దగ్గరే ఉన్నాయి. తెలుగు యూనికోడ్‌లో పోతన2000, వేమన2000 వంటి ఫాంట్లు ఉచితంగా వచ్చినా పేజ్‌మేకర్‌లో వాటికి తావు లేదు.

తొలి తెలుగు వార్తా వెబ్‌సైట్లు కూడా ఎవరి ఫాంటు వారు వాడాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు 'పద్మ' అనే ప్రత్యేక అనుబంధం రావలసి వచ్చింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనప్పుడు, దాన్ని చదవడానికి ఎక్స్‌పీలో ఆ గడిని ఎలా టిక్ పెట్టాలో వివరించడం కూడా తెలుగు ఔత్సాహికుల పనిలో భాగమైంది.

అందువల్ల ఒకే కాలంలో రెండు తెలుగులు పెరిగాయి. ఒకటి అంతర్జాలంలోని యూనికోడ్ తెలుగు. దాన్ని వెతకవచ్చు, నకలు తీయవచ్చు, ఫోనులో చదవవచ్చు. రెండోది దుకాణాల్లోని ఫాంటు తెలుగు. కాగితం మీద అందంగా ఉంటుంది, ఫైలులో మూగగా ఉంటుంది. చేతిఫోన్లు వచ్చాక మొదటిది ఇంటింటికీ చేరింది. రెండోది పాత హార్డ్‌డిస్కుల్లో, సీడీల్లో మిగిలిపోయింది.

మీ పాత ఫైలు చెప్పే మూడు సంగతులు

పాత తెలుగు ఫైలును నేటి కంప్యూటరులో తెరిచినప్పుడు సాధారణంగా మూడు దృశ్యాల్లో ఒకటి కనిపిస్తుంది. వీటి తేడా తెలిస్తే ఏది దక్కుతుందో, ఏది దక్కదో వెంటనే చెప్పవచ్చు.

ఖాళీ చతురస్రాలు కనిపిస్తే భయం అక్కర్లేదు. సంఖ్యలు సరిగానే ఉన్నాయి, వాటిని చూపే ఫాంటు లేదు. తెలుగు యూనికోడ్ ఫాంటు పెట్టగానే రాత కనిపిస్తుంది.

ఆంగ్లాక్షరాలు, విచిత్రమైన గుర్తులు కలగాపులగంగా కనిపిస్తే అది ఫాంటు తెలుగు. ఏ ఫాంటులో రాశారో తెలిస్తే, ఆ ఫాంటు దొరికితే, దాన్ని యూనికోడ్‌లోకి మార్చవచ్చు. ఫాంటు పేరు కూడా తెలియకపోతే పని కష్టమవుతుంది.

వరుసగా ప్రశ్నార్థక చిహ్నాలు కనిపిస్తే, అవి నిజంగానే ఫైలులో చేరిన చిహ్నాలైతే, ఆ రాత పోయినట్టే. అసలు సంఖ్యలు చెరిగిపోయి, వాటి స్థానంలో ప్రశ్నార్థకం సంఖ్యే చేరింది. ఏ ఫాంటూ, ఏ ప్రోగ్రామూ దాన్ని తిరిగి తేలేవు. మరో నకలు ఉందేమో వెతకడమే మార్గం.

ఇప్పుడే ఎందుకు?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇటువంటి మలుపు వచ్చినప్పుడల్లా ఇళ్లలో, బడుల్లో, దుకాణాల్లో పాత యంత్రాలు తుక్కుకు వెళతాయి. వాటితో పాటే పాత పేజ్‌మేకర్, దాని ఫాంట్లు, వాటి పేర్లు గుర్తున్న మనుషుల అనుభవం కూడా వెళ్లిపోతుంది. రెండో రకం ఫైళ్లు మూడో రకం కన్నా మెరుగేమీ కాకుండా పోయేది అప్పుడే.

ముఖ్యంగా వలస సమాజాలకు ఇది చిన్న విషయం కాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక పత్రిక పాత సంచిక పోతే గ్రంథాలయంలో అచ్చుప్రతి దొరకవచ్చు. సూరత్, భివండీ, సోలాపూర్ వంటి చోట్ల తెలుగువారి సంఘాల వార్షిక సంచికలు, బడి ప్రశ్నపత్రాలు, పండుగ ఆహ్వానాలు, సభ్యుల జాబితాలు ఏ గ్రంథాలయానికీ చేరి ఉండకపోవచ్చు. ఆ సమాజం తన భాషలో రాసుకున్న చరిత్రకు ఆ ఫైలే ఏకైక ప్రతి కావచ్చు.

పాత కంప్యూటరును వదిలించుకునే ముందు కొన్ని పనులు చేయడం మేలు.

* తెలుగు ఫైళ్లన్నిటినీ ముందుగా వేరే డిస్కులోకి నకలు తీయాలి. అసలు ప్రతిని తెరిచి మళ్లీ దాచకూడదు.
* విండోస్ ఫోల్డరులోని ఫాంట్ల ఫోల్డరును కూడా నకలు తీసి, ఫైళ్ల పక్కనే ఉంచాలి. ఫాంటు లేని ఫైలు తాళంచెవి లేని పెట్టె వంటిది.
* పాత కంప్యూటరు ఇంకా పనిచేస్తుంటే, ముఖ్యమైన పత్రాలను దాని మీదే తెరిచి పీడీఎఫ్‌గా గానీ, కాగితం మీద గానీ తీసుకోవాలి. వెతకడానికి పనికిరాకపోయినా చదవడానికి అది మిగులుతుంది.
* ఏ పత్రం ఏ ఫాంటులో ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టాలి. మార్పిడి చేసేవారికి మొదట కావలసింది ఆ పేరే.
* అను వంటి ప్రసిద్ధ ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి. మార్చాక తప్పక సరిచూడాలి. వత్తులు, సున్నాలు, కొమ్ములు తారుమారయ్యే అవకాశం ఎక్కువ.

సరిచూసేటప్పుడు కంటికి కనిపించని మరో గుర్తునూ గమనించాలి. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట్', 'వే'ల మధ్య వెడల్పు లేని విడగొట్టు గుర్తు ఒకటి ఉంది. అది లేకపోతే అదే మాట 'సాఫ్ట్వేర్' అవుతుంది. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో అక్షరాలు కలవాలి. ఆంగ్లం నుంచి వచ్చిన మాటల్లో తరచు విడిపోవాలి. ఆ తేడాను చూపే ఈ గుర్తును మార్పిడి ఉపకరణాలు తరచు వదిలేస్తాయి.

గడి నేర్పిన పాఠం

విండోస్ ఎక్స్‌పీ తెలుగును విస్మరించిందని చెప్పలేం. సంఖ్య, కూర్పు, కీబోర్డు మూడూ ఇచ్చింది. ఇచ్చిన సంగతి తెలుగువాడికి తెలిసే భాషలో చెప్పలేదు. ఆ పెట్టె మీద 'తెలుగు' అన్న ఒక్క మాట ఉన్నా, లేదా బళ్లలో కంప్యూటరు పాఠాల్లో ఆ గడి గురించి ఒక్క పూట చెప్పినా, పదేళ్ల రాత వేరే దారిన నడిచి ఉండేదేమో.

సూరత్ వర్తకుడు భీమ్‌జీ పారేఖ్‌కు యంత్రం అందింది కానీ అక్షరాలు అందలేదు. ఎక్స్‌పీ కాలంలో సూరత్‌లోని తెలుగువారికి యంత్రమూ అందింది, అక్షరాలూ అందాయి. అవి తమ చేతిలోనే ఉన్నాయన్న కబురు మాత్రం ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యంలో చిక్కుకున్న పత్రాల్లో చాలావాటిని ఇప్పటికీ విడిపించవచ్చు. అటక మీద పాత కంప్యూటరు ఉన్నవారు దాన్ని తుక్కువాడికి ఇచ్చే ముందు ఒక్కసారి తెరిచి చూడాలి.